ముందు దుర్భిణి, తరువాతే తుపాకీ

సరయూ తీరంలో చీకటి పడినవేళ కుండలో నీళ్ళు నిండుతున్న చప్పుడు విని, ఏనుగు నీళ్ళు తాగుతోందనుకొని దశరథుడు బాణం వేశాడు. తగిలింది శ్రవణకుమారుడికి. ద్వాపరం చివర జరుడనే బోయ పొదల మాటున కదిలిన దానిని లేడి అనుకున్నాడు. అది శ్రీకృష్ణుని పాదం. గురి తప్పిన వేటగాళ్ళ కథలు మన పురాణాలలో అంతగా వినిపించవు. గురి తప్పకుండా తగిలి, తగిలినది తాము అనుకున్నది కాకపోయిన కథలే తరతరాలుగా నిలిచాయి. అమెరికాలో వేట ప్రమాదాలను లెక్కగట్టే అధికారులు కూడా "మనిషిని జంతువని పొరబడటం" అనే పద్దును విడిగా రాస్తారు. దశరథుడికి లేనిదీ, ఇప్పటి వేటగాడికి తప్పక ఉండవలసినదీ అయిన ఒక పరికరాన్ని గురించి ఈ వ్యాసం. ఇంగ్లీషువారు బైనాక్యులర్స్ అంటారు. మా తాతగారి తరం దుర్భిణి అనేవారు.

ఈ విషయం మీదికి నా దృష్టి మళ్ళటానికి కారణం మా అబ్బాయి. మేముండేది పెన్సిల్వేనియాలో, కొండల నడుమ ఒక చిన్న ఊళ్ళో. వాడికి పదిహేడో ఏడు నడుస్తుండగా ఒకరోజు, వేటగాళ్ళకు రాష్ట్రంవారు ఇచ్చే శిక్షణ పూర్తి చేసినట్లు సర్టిఫికెట్టు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. వాళ్ళమ్మ దాన్ని చదివి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది. చీమల పుట్టలో నూకలు పోసే ఇంట్లో పెరిగిన మనిషి ఆవిడ. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వేట నేరమయింది. అందువల్ల మా తరానికి వేటంటే నేరమో, రాజుల కాలం నాటి వినోదమో తప్ప పక్కింటివాళ్ళు సెలవు పెట్టి చేసే పని కాదు. ఇక్కడ మాత్రం థాంక్స్‌గివింగ్ వారంలో సగం ఊరు అడవిలోనే ఉంటుంది. తోడేళ్ళు ఏనాడో అంతరించిన ఈ కొండలలో తెల్లతోక జింకలు మితిమీరి పెరిగితే అడవిలో లేతమొక్క బతకదనీ, అందుకే లెక్క ప్రకారం లైసెన్సులు ఇస్తారనీ నేను మా ఆవిడకు చెప్పాను. ఆవిడ కాదనలేదు, ఒప్పుకోనూ లేదు. చివరకు ఒకే షరతు పెట్టింది: "వాడు దేనిమీద కాలుస్తున్నాడో వాడికి తెలియాలి. ఆ పూచీ మీది."

నేను భౌతికశాస్త్రం చెప్పుకొని బతికేవాణ్ణి. కటకాలూ పట్టకాలూ ఏటేటా పిల్లలకు నల్లబల్ల మీద గీసి చూపించేవాణ్ణి. అయినా నేను మొదట కొన్న దుర్భిణి ఎందుకూ పనికిరాలేదని ఒప్పుకోవటానికి సిగ్గుపడను. జేబులో పట్టే బుల్లి పరికరమది; పెట్టె మీద 10×25 అని ఉంది. పదింతలు దగ్గరగా చూపిస్తుందంటే అంతకన్న ఏం కావాలనుకున్నాను. మిట్టమధ్యాహ్నం పెరట్లో పిట్టలను చక్కగానే చూపించింది. అడవిలో పొద్దుపొడిచే వేళ నల్లటి బురదనీళ్ళను చూపించింది.

ఆ అంకెల అర్థం ఇది. మొదటిది ఆవర్ధనం, అంటే వస్తువు ఎన్ని రెట్లు దగ్గరగా ఉన్నట్లు కనిపిస్తుందో ఆ సంఖ్య. రెండోది ముందువైపు ఉండే వస్తుకటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. ఈ రెండింటికన్న ముఖ్యమైన మూడో అంకె పెట్టె మీద సాధారణంగా ఉండదు. మనమే భాగించి తెలుసుకోవాలి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే, కంటివైపునుంచి బయటికి వచ్చే వెలుగుకట్ట వ్యాసం తెలుస్తుంది. దుర్భిణిని చెయ్యిచాచి పట్టుకొని ఆకాశంవైపు చూస్తే కంటి అద్దంలో తెల్లటి చిన్న బిళ్ళ కనిపిస్తుంది. అదే ఇది. 10×25 లో ఆ బిళ్ళ వ్యాసం రెండున్నర మిల్లీమీటర్లు. 8×42 లో అయిదుంపావు. వెలుగు వైశాల్యాన్నిబట్టి వస్తుంది కనుక రెండోది కంటికి నాలుగు రెట్లకు పైగా వెలుగునిస్తుంది. పగటిపూట మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకొని ఉంటుంది కాబట్టి ఆ తేడా తెలియదు. మసక వెలుతురులో పాప విచ్చుకొని ఇంకా వెలుగు కావాలని అడుగుతుంది, బుల్లి దుర్భిణి ఇవ్వలేదు.

ఇదెందుకింత ముఖ్యమంటే, జింక తిరిగేది ఆ మసక వెలుతురులోనే. మా రాష్ట్రంలో జింకలవేటకు చట్టం అనుమతించే వేళ సూర్యోదయానికి అరగంట ముందు మొదలై సూర్యాస్తమయం తరువాత అరగంటకు ముగుస్తుంది. జింక కన్ను చీకటికి అలవాటుపడినది. మన కన్ను కాదు. వేటగాడు పొరబడే అవకాశం ఎక్కువగా ఉండేది ఆ రెండు అరగంటలలోనే. కాబట్టి దుర్భిణిని దుకాణంలో ట్యూబులైటు కింద పరీక్షించి కొనటం చీరను చీకట్లో ఎంచటం వంటిదే, కాకపోతే తలకిందులుగా. సాయంకాలం దుకాణం మూసే వేళకు వెళ్ళి, బయట నిలబడి, దూరాన చెట్టు మొదట్లోని నీడలో ఏముందో చూపించమని అడగాలి.

అలాగని ఎంత పెద్దదైతే అంత మేలనీ కాదు. చిన్న వయసులో చీకటికి కంటిపాప ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. యాభై దాటినవారికి సుమారు అయిదు దగ్గరే ఆగిపోతుంది. జర్మనీలో వెన్నెల రాత్రులలో అడవిపందిని వేటాడేవారు 8×56 వాడతారు. ఏడు మిల్లీమీటర్ల వెలుగుకట్ట అది. నా కంటికి అందులో సగం వృథా. మా అబ్బాయి కంటికి పనికొస్తుంది గానీ, అంత బరువు మోసుకొని కొండ ఎక్కినవాడు మధ్యాహ్నానికి దాన్ని కారులో వదిలేసి వస్తాడు. మనిషి మెడలో లేని దుర్భిణి ఎంత గొప్పదైనా ఒకటే.

పది ఇంతలా, ఎనిమిదింతలా అన్నది ఇక్కడి వేటగాళ్ళు కాఫీ చల్లారిపోయేదాకా వాదించుకునే విషయం. పదింతలు పెంచే అద్దం చేతి వణుకునూ పదింతలు పెంచుతుంది. కొండెక్కి రొప్పుతున్నవాడి చేతిలో అది మరీ ఎక్కువ. పైగా ఆవర్ధనం పెరిగినకొద్దీ కనిపించే మేర తగ్గుతుంది. నూరు గజాల దూరంలో ఎనిమిదింతల దుర్భిణి సుమారు 42 అడుగుల వెడల్పు చూపిస్తే, పదింతలది 34 అడుగులే చూపిస్తుంది. వయోమింగ్ వంటి బయలు ప్రాంతాలలో మైలు దూరాన ఉన్న జంతువును వెతికేవారికి పదింతలో, ముక్కాలిపీట మీద నిలిపి పదిహేనింతలో అవసరం కావచ్చు. మా అడవులలో నూరు గజాల అవతల చెట్లు తప్ప ఏమీ కనిపించవు. నా ఓటు 8×42 కే.

లోపలి గాజు సంగతి కొంచెం చెప్పాలి. రెండు కుంభాకార కటకాలతో చేసిన దూరదర్శినిలో బొమ్మ తలకిందులుగా పడుతుంది. దాన్ని నిలబెట్టటానికి ఇటలీ దేశస్థుడు ఇగ్నాజియో పోర్రో 1854లో పట్టకాల అమరికకు పేటెంటు పొందాడు. 1894లో జైస్ కంపెనీ ఆ పద్ధతిలో దుర్భిణులు అమ్మటం మొదలుపెట్టింది. భుజాలు వెడల్పుగా, మధ్యలో మెట్టులా విరిగి ఉండే పాతకాలపు రూపం అదే. ఇప్పుడు ఎక్కువగా కనిపించే తిన్నటి గొట్టాలలో ఇంటికప్పులాంటి అంచుగల పట్టకం ఉంటుంది. చేతికి ఇమిడే రూపమే గానీ అందులో ఒక చిక్కు ఉంది. ఆ అంచు దగ్గర వెలుగు రెండు పాయలుగా చీలి, తిరిగి కలిసేటప్పుడు వాటి తరంగాల అడుగు కలవదు. బొమ్మలో పదును తగ్గుతుంది. పట్టకం మీద పలచని పూత వేసి ఆ అడుగులను కలపటం జైస్ వారే 1988లో ప్రవేశపెట్టారు. ఈనాడు ఒక మోస్తరు ధర దుర్భిణులలో కూడా ఆ పూత ఉంటుంది. ఉందో లేదో అడిగి మరీ కొనాలి.

ఇంకో పూత ఇంతకన్న ముఖ్యం. పూతలేని గాజు ముఖం తన మీద పడిన వెలుగులో నూటికి నాలుగు వంతులు వెనక్కు తిప్పి పంపుతుంది. అల్పంగానే కనిపిస్తుంది గానీ, అటువంటి ముఖాలు పది ఉంటే కంటిదాకా చేరేది మూడింట రెండు వంతులే. 1935లో జైస్ కంపెనీలో పనిచేస్తున్న అలెగ్జాండర్ స్మకూలా అనే భౌతికశాస్త్రవేత్త ఈ నష్టాన్ని అరికట్టే పూతను కనిపెట్టాడు. ఆయన ఉక్రెయిన్‌లో పుట్టి, జర్మనీలో పనిచేసి, యుద్ధం తరువాత మనలాగే అమెరికా వచ్చి ఎం.ఐ.టి.లో ఆచార్యుడయ్యాడు. దుకాణంలో "పూత ఉంది" అంటే చాలదు. అన్ని ముఖాలకూ, అనేక పొరలుగా ఉందా అన్నది ప్రశ్న. ఆవర్ధనానికి పెట్టే డబ్బుకన్న ఈ పూతకు పెట్టే డబ్బు సార్థకమని నా అనుభవం.

కళ్ళజోడువారికి, అంటే మనలో సగం మందికి, మరొక మాట. కంటి అద్దానికీ కంటికీ మధ్య ఎంత ఎడం ఉన్నా బొమ్మ పూర్తిగా కనిపిస్తుందో ఆ కొలత కనీసం 15 మిల్లీమీటర్లు ఉండాలి. లేకపోతే తాళం సందులోంచి పెళ్ళి చూసినట్లుంటుంది. కొన్నాక రెండు కళ్ళకూ విడివిడిగా సరిచూసుకోవాలి. కుడి గొట్టం మూసి, మధ్య చక్రంతో ఎడమ కంటికి బొమ్మ స్పష్టం చేసుకొని, తరువాత ఎడమ గొట్టం మూసి, కుడి కంటి దగ్గరి వలయాన్ని తిప్పాలి. ఈ పని చేయని దుర్భిణితో గంటసేపు చూస్తే తలనొప్పి తప్పదు.

మోయటం గురించి నాకు నేర్పినది పక్కింటి పెద్దాయన. అరవై ఏళ్ళుగా ఈ కొండలలో తిరుగుతున్న మనిషి. కొత్త దుర్భిణితో వచ్చిన మెడపట్టీని చూడగానే కత్తిరించి పారేశాడు. 8×42 బరువు సుమారు ముప్పావు కిలో. అది రోజంతా మెడ వెనుక ఎముక మీద వేలాడితే సాయంత్రానికి మనిషి తల వంచుకొనే నడుస్తాడు. వంగినప్పుడల్లా ఊగి తుపాకీకి తగిలి టంగుమంటుంది. ఆ చప్పుడు జింకకు ఆహ్వానపత్రిక కాదు. భుజాల మీదుగా వీపున కలిసే పట్టీలతో రొమ్ముకు ఆనించి కట్టుకొంటే బరువు తెలియదు. ఒక్క చేత్తో, మరేదీ కదలకుండా కంటిదాకా ఎత్తవచ్చు. వేటగాడు తల, రొమ్ము, వీపు మీద కలిపి 250 చదరపు అంగుళాల కాషాయంలాంటి నిప్పురంగు ధరించాలని ఇక్కడి నియమం. రొమ్ము మీది సంచి ఆ రంగును కప్పెయ్యకుండా చూసుకోవాలి. జింక కన్ను ఆ రంగును మనలా పట్టుకోలేదు కనుక దానివల్ల వేటకు నష్టం లేదు.

చలిలో దుర్భిణిని కోటు లోపల దాచవద్దన్నాడు పెద్దాయన. ఒంటి ఆవిరి అద్దాల మీద పేరుకుంటుంది. కంటికి ఆనించి పెట్టుకొని ఊపిరి వదిలినా అంతే. ఊపిరిని కిందికి వదలాలి. గొట్టాలలో నైట్రోజన్ నింపి మూసినవాటికి లోపల మసక పట్టదు గానీ, బయటి ముఖాల సంగతి మనదే. చలిలోంచి వెచ్చటి ఇంట్లోకి తెచ్చినప్పుడు సంచిలోనే ఉంచి నెమ్మదిగా వెచ్చబడనివ్వాలి.

ఆయన చెప్పిన మాటలలో అసలైనది ఇంకొకటి. తుపాకీ మీది స్కోపు కూడా దుర్భిణిలాంటిదే కదా, మళ్ళీ ఇదెందుకని మావాడు అడిగాడు. "స్కోపుతో దేన్ని చూసినా తుపాకీని దానికే గురిపెట్టినట్లు. అక్కడున్నది మీ నాన్న అయితే?" అన్నాడాయన. వాడు నావైపు చూశాడు.

వేట శనివారంనాడు తెరిచారు. ముగ్గురం వెళ్ళాము, వాడి చేతిలోనే తుపాకీ. అడవిలో జింక జింకగా కనిపించదని ఆరోజు తెలుసుకున్నాను. నిలువుగా ఉన్న చెట్ల మధ్య అడ్డంగా ఒక గీత కనిపిస్తే అది వీపు కావచ్చు. ఆకు కదలని చోట ఏదో విదిలిస్తే చెవి కావచ్చు. ముందు ఒట్టి కంటితో వెతకాలి, కన్ను అక్కడే నిలిపి దుర్భిణిని పైకి తేవాలి. పొద్దున ఒక మగజింక వచ్చింది. 2002 నుంచి మా రాష్ట్రంలో చాలాచోట్ల కొమ్ముకు ఒక పక్కన కనీసం మూడు మొనలుంటేనే దాన్ని కొట్టాలి. మావాడు చాలాసేపు లెక్కపెట్టి, "రెండే" అన్నాడు. అది మా ముందునుంచే నడిచి వెళ్ళిపోయింది.

సాయంత్రం, చట్టం ఇచ్చిన చివరి అరగంటలో, వాగు అవతల హెమ్లాకు చెట్ల కింద గోధుమరంగు ఆకారం ఒకటి వంగింది. దాని పక్కనే తెల్లగా ఏదో మెరిసింది. బెదిరిన తెల్లతోక జింక తోక లేపితే సరిగ్గా అలాగే మెరుస్తుంది. నాకు జింకే అనిపించింది. చెప్పేశాను కూడా. మావాడు తుపాకీ ఎత్తలేదు. దుర్భిణి ఎత్తాడు. మూడు నాలుగు క్షణాలు చూసి, దించకుండానే, "చేతిరుమాలు, నాన్నా" అన్నాడు. నేను అందుకొని చూశాను. వేళ్ళు కనిపించాయి. నిప్పురంగు లేని గోధుమ కోటులో ఒక ముసలాయన వంగి మోకాలు తుడుచుకుంటున్నాడు. పెద్దాయన గొంతెత్తి కేకవేశాడు. అవతలాయన చెయ్యి ఊపి, ఏమీ తెలియకుండా వెళ్ళిపోయాడు. తుపాకీలోంచి తూటాలు తీసేటప్పుడు మావాడి వేళ్ళు వణికాయి. చలికి కాదు.

ఇంటికి చేరేసరికి ఏడు దాటింది. "ఏమైనా దొరికిందా?" అని అడిగింది వాళ్ళమ్మ. "లేదమ్మా" అని, చేతులు కడుక్కొని అన్నానికి కూర్చున్నాడు. దుర్భిణి సంచిని మాత్రం ఆ రాత్రి విప్పలేదు. అద్దాలకు ఆవిరి పడుతుందని, గుమ్మం దగ్గర చల్లటి చోటే తగిలించాడు.