తోటకూ పాత అడవికీ తేడా: మ్యూర్ వుడ్స్ ఉదాహరణ

భోగాపురం తీరం వెంట సరుగుడు తోటలను మీరు చూసే ఉంటారు. వరుసలు తీర్చి నాటిన చెట్లు, అన్నీ ఒకే ఈడువి. నాలుగైదేళ్లకు అన్నిటినీ ఒకేసారి కొట్టి, కర్ర అమ్మి, మళ్లీ నాటుతారు. రాలిన సూదుల్లాంటి రెమ్మలు దట్టంగా పరుచుకోవడంతో కింద గడ్డి కూడా అంతగా మొలవదు. ఇలాంటి తోటకూ, మనిషి నాటని పాత అడవికీ తేడా ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం.

శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన మన తల్లిదండ్రులను సెలవు రోజున తీసుకెళ్లే చోట్లలో మ్యూర్ వుడ్స్ ఒకటి. కుటుంబమంతా పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అక్కడి రెడ్‌వుడ్‌ను పేరును బట్టి ఎర్రచందనం అనుకోకూడదు. ఎర్రచందనం చిక్కుడు కుటుంబపు చెట్టు; రెడ్‌వుడ్ పూలు లేకుండా శంకువులు కాసే వివృతబీజం.

వచ్చినవారంతా ముందు తలెత్తి ఎత్తు చూస్తారు. అన్నిటికన్నా పొడవైనది సుమారు 258 అడుగులు. పెద్ద చెట్లలో ఎక్కువ వాటి వయసు 500 నుంచి 800 ఏళ్లు. అయితే అడవి పాతదని తెలియాలంటే కిందికి చూడాలి. కూలిన మానులను అక్కడే వదిలేస్తారు. వాటిపై నాచు, ఫెర్న్‌లు పెరుగుతాయి. తొర్రల్లో గబ్బిలాలు ఉంటాయి. మాను కూలిన చోట ఎండ నేలకు దిగి కొత్త మొక్కలు లేస్తాయి. అరటికి వచ్చినట్టే రెడ్‌వుడ్ మొదలు చుట్టూ పిలకలు వస్తాయి. అందువల్ల అన్ని ఈడుల చెట్లూ ఒకేచోట ఉంటాయి. మనకు వానలు పడే జూన్–సెప్టెంబరు నెలల్లో అక్కడ వాన దాదాపు ఉండదు. సముద్రం మీది పొగమంచు ఆకులకు తగిలి, నీటి బొట్లుగా రాలి నేలను తడుపుతుంది.

ఈ లోయలో ఆనకట్ట కట్టాలని ఒక నీటి కంపెనీ ప్రయత్నించింది. 1905లో ఆ అడవిని కొన్న విలియం కెంట్ దాన్ని కాపాడడానికి 295 ఎకరాలను కేంద్ర ప్రభుత్వానికి దానం చేశాడు. 1908 జనవరి 9న అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించాడు. కెంట్ కోరికపైనే ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ పేరు పెట్టారు. మిగతాచోట్ల అంతటి అదృష్టం లేదు. కాలిఫోర్నియా తీరపు పాత రెడ్‌వుడ్ అడవుల్లో మిగిలింది సుమారు 5 శాతమే.

మన దేశపు లెక్కల్లో ఈ తేడా కనిపించదు. ఒక హెక్టారుకు తక్కువ కాకుండా, చెట్ల నీడ 10 శాతమో అంతకు మించో ఉన్న నేలంతా ‘అటవీ ఆచ్ఛాదన’ కిందికే వస్తుంది. తోటలూ అందులో ఉంటాయి. ఒకచోట సహజమైన అడవిని కొట్టి మరోచోట సరుగుడు నాటితే పట్టికలో అంకె అలాగే ఉంటుంది. నా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు.

క్షేత్ర అభ్యాసం: ఒక సరుగుడు తోటలోనూ, విశాఖపట్నం దగ్గరి కంబాలకొండ అడవి బాటపక్కనా పదేసి అడుగుల చదరాన్ని ఎంచుకోండి. రెండుచోట్లా ఎన్ని రకాల మొక్కలు, ఎన్ని ఈడుల చెట్లు, ఎన్ని ఎండు మానులు ఉన్నాయో రాయండి. ఏ మొక్కనూ పీకవద్దు.