ఉస్మానియా వకీలు, గ్యాసు ధర తగాదా

ఇద్దరి మధ్య కాగితం మీద కుదిరిన ధర, ఆ తర్వాత ప్రభుత్వం వేరే ధర నిర్ణయిస్తే నిలుస్తుందా? నియంత్రణ ఉన్న సరుకులలో బేరాలు చేసేవారికి ఇది పాత తలనొప్పే. ఈ ప్రశ్నపై నడిచిన పెద్ద వ్యాజ్యాలలో కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాసు కేసు ఒకటి. సుప్రీం కోర్టులో దానిని విన్న ముగ్గురిలో ఒకరు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో లా చదివిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. 2025లో ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేసి ఓడిన వ్యక్తిగా ఆయన పేరు అందరికీ తెలుసు. వర్తకులు గుర్తుంచుకోవలసిన సంగతి అంతకు పదిహేనేళ్ల ముందుది.

1946 జులై 8న, నేటి రంగారెడ్డి జిల్లా ఆకుల మైలారంలో ఆయన వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. 1971లో లా పట్టా పుచ్చుకుని, ఆ డిసెంబరులోనే న్యాయవాదిగా నమోదయ్యారు. సీనియర్ న్యాయవాది కె. ప్రతాపరెడ్డి వద్ద పని నేర్చుకుని, హైకోర్టులో రిట్లు, సివిల్ దావాలు నడిపారు. 1988-90లో రెవెన్యూ శాఖకు ప్రభుత్వ ప్లీడరు. తర్వాత తాము చదివిన విశ్వవిద్యాలయానికే న్యాయ సలహాదారు, స్టాండింగ్ కౌన్సిల్ అయ్యారు. ఆ క్యాంపస్‌ను ఆనుకుని ఉన్నదే తార్నాక. తార్ అంటే తీగ, నాకా అంటే తనిఖీ ఠాణా అని ఆ పేరుకు అర్థం చెబుతారు. చెక్‌పోస్టులతో వేగిన సరుకుదారులకు ఆ రెండో మాటను విడమర్చి చెప్పనక్కరలేదు. 1995లో హైకోర్టు న్యాయమూర్తి, 2005లో గౌహతి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, 2007 జనవరిలో సుప్రీం కోర్టు న్యాయమూర్తి అయ్యారు.

ఇక తగాదా. 2005 జూన్‌లో అంబానీ సోదరులు ఆస్తులు పంచుకున్నారు. ఆ కుటుంబ ఒడంబడికను ఆధారం చేసుకుని తమ్ముడి కంపెనీ రోజుకు 2.8 కోట్ల ఘనపు మీటర్ల గ్యాసును 17 ఏళ్లపాటు ఇమ్మని అడిగింది. ధర పది లక్షల బ్రిటిష్ ఉష్ణ యూనిట్లకు 2.34 డాలర్లు. 2007లో ప్రభుత్వం ఖాయం చేసిన ధర 4.20 డాలర్లు. యూనిట్ల లెక్కన తేడా 1.86 డాలర్లే అయినా, అంత సరుకుకు, అన్నేళ్లకు గుణించి చూస్తే పోరాటం ఎందుకో బోధపడుతుంది. 2009 జూన్‌లో బొంబాయి హైకోర్టు తమ్ముడి వైపు మొగ్గింది.

2010 మే 7న సుప్రీం కోర్టు దానిని తిరగదోడింది. గ్యాసు ప్రజల ఆస్తి, ప్రభుత్వం దాని ధర్మకర్త. ధర విషయంలో ప్రభుత్వ నిర్ణయానిదే పైచేయి. కుటుంబంలో రాసుకున్న కాగితం కంపెనీనీ దాని వాటాదారులనూ కట్టివేయలేదని మెజారిటీ తేల్చింది. సుదర్శన్ రెడ్డి కొన్ని అంశాలలో సహ న్యాయమూర్తులతో విభేదించి విడిగా తీర్పు రాశారు. అయితే ప్రభుత్వ విధానాన్ని కాదని గ్యాసు అమ్మకం కుదరదన్న మూల విషయంలో బెంచి ఒక్కటే. బేరం ఎంత గట్టిదైనా, సరుకు మీద అసలు హక్కు ఎవరిదో ముందు చూసుకోక తప్పదన్న మాట.

మళ్లీ మాట్లాడుకుని రమ్మని కోర్టు ఇరు పక్షాలనూ పంపింది. ఆ జూన్‌లోనే ప్రభుత్వ ధరకు లోబడి కొత్త ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. మరుసటి సంవత్సరం జులై 8న ఆయన పదవీ విరమణ చేశారు.