‘మా కాన్సులేటుకు చెప్పండి’

2019 జనవరి చివర్లో మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ విద్యార్థులను అమెరికా ఇమిగ్రేషన్ అధికారులు వరసపెట్టి పట్టుకున్నారు. ఆ యూనివర్సిటీకి క్లాసూ లేదు, పంతులూ లేడు. దాన్ని ఎరగా పెట్టింది ఆ అధికారులే. అప్పుడు అరెస్టయిన 130 మందిలో 129 మంది మనదేశం వాళ్లు, అందులో తెలుగు పిల్లలు చాలామంది. ఫిబ్రవరి 2న ఢిల్లీలో మన విదేశాంగ శాఖ అమెరికా ఎంబసీకి డెమార్ష్ (అధికారిక దౌత్య పత్రం) ఇచ్చింది, పిల్లలను కలవనివ్వాలని అడిగింది. వాషింగ్టన్‌లోని మన ఎంబసీలో 24 గంటల హెల్ప్‌లైన్ మోగుతూనే ఉంది.

పిల్లలు తెలిసే చేరారా, మోసపోయారా అన్న వాదన ఇంకా తెగలేదు. కాన్సులేటుకు ఆ లెక్కతో పని లేదు. తప్పు చేసినవాడికీ తన కాన్సులేటు సాయం అడిగే హక్కు ఉంటుంది.

మా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇలాంటి కబురు అందితే తల్లిదండ్రులు ముందు ఎమ్మెల్యే ఇంటికి పోతారు, తర్వాత అమెరికాలో ఉన్న మనకు ఫోన్ చేస్తారు. ఈలోగా అసలు పని లోపలున్న పిల్లవాడి చేతిలోనే ఉంటుంది. కాన్సులర్ సంబంధాల మీద 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణ ప్రకారం, తన కాన్సులేటుకు కబురు చెయ్యమని అడిగే హక్కు ఉందని పట్టుబడ్డ విదేశీయుడికి పోలీసులు ఆలస్యం లేకుండా చెప్పాలి. అడిగినా అడక్కపోయినా కబురు చెయ్యాల్సిన దేశాల జాబితా అమెరికా దగ్గర ఒకటుంది. చైనా, బ్రిటన్ అందులో ఉన్నాయి, మనం లేం. అందుకే మనవాడు నోరు తెరిచి అడగాల్సిందే. పాకిస్తాన్ జైల్లో ఉన్న భారతీయుడు కులభూషణ్ జాధవ్ కేసులో ఆ దేశం ఈ అధికరణనే ఉల్లంఘించిందని 2019 జూలై 17న అంతర్జాతీయ న్యాయస్థానం తేల్చింది.

కాన్సులేటు జైలు తలుపు తెరవలేదు, జడ్జికి సిఫారసు చెయ్యలేదు. జైలుకొచ్చి చూస్తుంది, వకీళ్ల పేర్లిస్తుంది, కొట్టారంటే పైవాళ్లను నిలదీస్తుంది. చేతిలో పైసా లేనివాళ్లకు 2009లో పెట్టిన ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి ఉంది. ఇంటివాళ్లు మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

మనలో అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లకు కథ తిరగబడుతుంది. సెలవులకు ఊరెళ్లి ఏ కేసులోనో కోదాడ పోలీస్ స్టేషన్లో కూర్చోవాల్సి వస్తే, అడగాల్సింది హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేటును. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు మనల్ని భారత పౌరుల్ని చెయ్యదు.

పట్టుకోగానే ఫోను లాక్కుంటారు. అందుకని ఈ సెమిస్టర్‌లో వచ్చిన పిల్లలతో రెండు నంబర్లు బట్టీ పట్టించండి: ఇంటిది ఒకటి, తాముండే రాష్ట్రాన్ని చూసే మన కాన్సులేటుది ఒకటి. మిషిగన్ పిల్లలకైతే అది షికాగో.