విదేశీ ఉద్యోగాన్వేషణలో విద్యుత్ ఇంజనీర్లు: పెద్దకడుబూరు ప్రాంత నేపథ్యం

ఉపోద్ఘాతం:
కర్నూలు జిల్లా పశ్చిమభాగంలో ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలకు సమీపాన ఉన్న మండలం పెద్దకడుబూరు. వర్షాధార సేద్యమే ప్రధానమైన ఈ ప్రాంతం నుంచి కూలీలు ఏటా గుంటూరు ప్రాంతపు మిరప తోటలకు వలస వెళ్తారు. దీనిని స్థానికులు ‘సుగ్గికి పోవడం’ అంటారు. కన్నడంలో ‘సుగ్గి’ అంటే పంటకోతల కాలం. అటువంటి కుటుంబాల నుంచి వచ్చిన విద్యుత్ ఇంజనీరింగ్ పట్టభద్రులు విదేశీ ఉద్యోగం ఆశించినప్పుడు ఎదురయ్యే రెండు ప్రశ్నలను ఈ వ్యాసం వివరిస్తుంది. అవి పట్టా గుర్తింపు, చట్టరక్షణ.

పట్టా గుర్తింపు:
గల్ఫ్ దేశాలలో సబ్‌స్టేషన్లు, భవన నిర్మాణం, నీటి శుద్ధి వంటి రంగాలలో విద్యుత్ ఇంజనీర్ల అవసరం ఉంది. అయితే ఉద్యోగం ఉండటం వేరు, పట్టా చెల్లడం వేరు. సౌదీ అరేబియాలో ఇంజనీరుగా పనిచేయాలంటే సౌదీ ఇంజనీర్ల మండలిలో నమోదు తప్పనిసరి. కువైట్‌లో భారతీయ పట్టాకు జాతీయ అక్రెడిటేషన్ బోర్డు (ఎన్‌బిఎ) గుర్తింపు కీలకం. ఈ గుర్తింపును కళాశాల మొత్తానికి కాక ఒక్కొక్క కోర్సుకు, నిర్ణీత కాలానికి ఇస్తారు. 2014లో భారతదేశం వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది. అయినా అది ఎన్‌బిఎ ‘టైర్-1’ కోర్సులకే వర్తిస్తుంది. స్వయంప్రతిపత్తి లేని అనుబంధ కళాశాలల కోర్సులు ‘టైర్-2’ కిందికి వస్తాయి. పట్టా చెల్లనప్పుడు ఇంజనీరు టెక్నీషియన్ వీసాపై, తక్కువ వేతనానికి వెళ్లవలసి రావచ్చు.

జర్మనీ 2024 జూన్‌లో ‘అవకాశ కార్డు’ను ప్రవేశపెట్టింది. అర్హులు దానితో అక్కడే ఏడాది వరకు ఉద్యోగం వెతుక్కోవచ్చు. పట్టా గుర్తింపుతోపాటు జర్మన్ ఎ1 లేదా ఇంగ్లీషు బి2 స్థాయి భాషాజ్ఞానం, జీవనవ్యయానికి తగిన నిధులు చూపాలి.

చట్టరక్షణ:
1983 నాటి వలస చట్టం అమలులో భాగంగా, పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు 18 దేశాలకు ఉపాధికి వెళ్లాలంటే సాధారణంగా ప్రభుత్వ అనుమతి పొందాలి. ఆ సందర్భంలో ఉద్యోగ ఒప్పందాన్ని పరిశీలిస్తారు. 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా కూడా తప్పనిసరి. పట్టభద్రునికి ఈ అనుమతి అక్కరలేదు. అందువల్ల ఆ పరిశీలన కూడా అతనికి తప్పనిసరిగా జరగదు. చదువు తెచ్చిన వెసులుబాటే ఒక రక్షణను దూరం చేస్తున్నది.

అయితే పట్టభద్రులను పంపే ఏజెంటుకూ లైసెన్సు ఉండాలి. సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీకి మించరాదు. లైసెన్సు వివరాలను ‘ఇ-మైగ్రేట్’ పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ‘ఓమ్‌క్యాప్’ ద్వారానూ విదేశీ నియామకాలు జరుగుతాయి.

ముగింపు:
సుగ్గికి వెళ్లే కూలీ మేస్త్రీ నోటిమాటను నమ్మి బయలుదేరుతాడు. మేస్త్రీ తెలిసినవాడైతే మాట తప్పినప్పుడు నిలదీయవచ్చు. దూరదేశపు ఉద్యోగంలో ఆ వీలు ఉండదు. అక్కడ కాగితమే సాక్షి. కనుక పొలం అమ్మడానికి, అప్పు చేయడానికి ముందే కోర్సు గుర్తింపు, వీసాలోని హోదా, ఏజెంటు లైసెన్సు అనే మూడింటిని కుటుంబమంతా సరిచూసుకోవాలి.