చీనాభాషకై ఒక అర్ధసంవత్సరము

విదేశవిద్య యనగానే జంగారెడ్డిగూడెము ప్రాంతపు తల్లిదండ్రులకు అమెరికాయే తోచును. చైనా పేరెత్తినచో "అచటికి వైద్యవిద్యకు గదా పోవుదురు" అందురు. కేవలము ఆ దేశపు భాషను, ఆచారవ్యవహారములను నేర్చుటకై ఒక ఆడపిల్ల అర్ధసంవత్సరము పోయి వచ్చెదనన్నచో, దానివలన ఫలమేమని ఇంటిల్లిపాదియు అడుగుట సహజము. ఆ ప్రశ్నను త్రోసివేయరాదు. డబ్బు తండ్రిది, దిగులు తల్లిది. సోదరీమణులు నిదానముగా ఆలోచించుకొనుటకై మాకు తెలిసినంత యిచట వ్రాయుచున్నాము.

ఇట్టి చదువు మన సీమకు క్రొత్త కాదు. పూర్వము ప్రయాణము అటునుండి యిటు జరిగినది. చైనాదేశపు భిక్షువు హ్యుయాన్ త్సాంగ్ క్రీ. శ. 7వ శతాబ్దమున ఆంధ్రదేశమునకు వచ్చెను. అతడు వర్ణించిన ఆంధ్రరాజధాని వేంగీపురమేయని పలువురు పండితుల మతము. అది నేడు ఏలూరు చేరువనున్న పెదవేగి. ఇక్కడివారి మాట మధ్యదేశపు మాటకంటె వేఱనియు, లిపి మాత్రము ఇంచుమించు అదియేయనియు అతడు వ్రాసికొనెను. పిమ్మట ధాన్యకటకమున, అనగా నేటి అమరావతి ప్రాంతమున, సుభూతి, సూర్యుడు అను ఇరువురు భిక్షువులకడ కొన్ని మాసములు నిలిచి అభిధర్మగ్రంథములు చదివెనని అతని జీవితచరిత్ర చెప్పుచున్నది. వారును అతనికడ మహాయానశాస్త్రములు నేర్చికొనిరట! 645లో స్వదేశము చేరునప్పటికి అతనివెంట 657 గ్రంథములుండెను. కామవరపుకోట దగ్గఱి గుంటుపల్లి గుహలకు పిల్లలను తీసికొనిపోవు తల్లులు ఈ కథ చెప్పదగును.

ఇక భాష. మనకు హ్రస్వదీర్ఘభేదముచే "పలు" వేఱు, "పాలు" వేఱు అయినట్లు, వారికి స్వరభేదముచే అర్థము మాఱును. స్వరములు నాలుగు: సమముగా నిలుచునది, ప్రశ్నవలె పైకి లేచునది, దిగి మరల లేచునది, కసరినట్లు క్రిందికి పడునది. "మాయ్" అను మాటను దించి లేపినచో కొనుట, పడవేసినచో అమ్ముట. "థాంగ్" సమముగా పలికినచో పులుసునీరు, లేపినచో పంచదార. కావున అంగడిలోను భోజనశాలలోను మొదటి మాసము నవ్వులపాలగుట తప్పదు.

వ్యాకరణము మాత్రము మనవంటి వారికి దయగలది. క్రియ కాలమునుబట్టి, పురుషనుబట్టి రూపము మార్చుకొనదు. కష్టమంతయు లిపియందు. 1988లో అచటి ప్రభుత్వము ప్రకటించిన పట్టికలో నిత్యము వాడు అక్షరములు 2500, వానికి తరువాతివి 1000. మన 56 అక్షరములకే ఏడ్చిన పిల్లలకు ఇది కొండ. అయినను చిత్రమైన కొండ! ఇంటికప్పు క్రింద స్త్రీని వ్రాసిన "శాంతి". అదే కప్పు క్రింద పందిని వ్రాసిన "ఇల్లు". ఆ శాంతి ఆమెకో, ఇంటిలోని తక్కినవారికో లిపి చెప్పదు.

మాకు మిక్కిలి నచ్చినవి చుట్టఱికపు మాటలు. ఇంగ్లీషువాడు "అంకుల్" అను ఒక్క మాటతో సరిపుచ్చుకొనుచోట చీనాలో పెదతండ్రి "బోబో", పినతండ్రి "షూషూ", మేనమామ "జ్యూజ్యూ". మేనత్త "గూగూ". అక్కకు, చెల్లెలికి, అన్నకు, తమ్మునికి వేర్వేఱు పేర్లు గలవు. హిందీవారు అక్కను పిలుచు "దీదీ" చీనాలో తమ్ముడు! మన ఇండ్లలో పిన్ని, బాబాయి అను మాటలు మఱచి ఆంటీ, అంకుల్ అనుచున్న పిల్లలు పరదేశమున వీనిని మరల నేర్చికొనుట వింతయే. అయితే మేనమామకొడుకును పెండ్లాడుట అచట 1980 వివాహచట్టముచే నిషిద్ధము. పెండ్లియైన స్త్రీ తన ఇంటిపేరు విడువనక్కఱలేదు. 1950 చట్టమే ఆ హక్కు నిచ్చినది.

భోజనము మాట. దక్షిణమున వరియన్నము, ఉత్తరమున గోధుమ. స్చువాన్, హూనాన్ రాష్ట్రములవారు కారము మనతో సమానముగా తిందురు. శాకాహారులకు మాత్రము ఇబ్బంది కలదు. కూరలోని నీరు సైతము మాంసపు ఎముకలతో కాచినది కావచ్చును. త్రాగుటకు వేడినీరు ఎల్లెడల దొరకును.

వైద్యవిద్యకు పోయినవారికి ఈ భాష వేడుక కాదు. పాఠము ఇంగ్లీషులో చెప్పినను రోగి తన బాధను చీనాభాషలోనే చెప్పును. 2020 ఆరంభమున ఊహాన్ నగరమునుండి వ్యాపించిన వ్యాధివలన సెలవులకు ఇంటికి వచ్చిన మన విద్యార్థులు 2022 వఱకు మరల పోజాలక, ఫోనులయందు పాఠములు వినవలసివచ్చెను. అప్పుచేసి పంపిన తల్లిదండ్రుల బాధ చెప్పనలవి కాదు. అర్ధసంవత్సరపు భాషావిద్యలో ఇట్టి నష్టము తక్కువ. దేశపు పోకడ తెలిసికొని, దీర్ఘవిద్యకు పోవలయునో కూడదో పిల్ల తానే నిశ్చయించుకొనగలదు.

పోవుటకు ముందు మూడు మాసములు ఇంటనే స్వరములు, రెండువందల అక్షరములు సాధన చేయించుట మంచిది. మనసు నిలిచినచో పంపవచ్చును. మన దేశమునను శాంతినికేతనమునందు 1937లో స్థాపితమైన చీనాభవనము కలదు. పెకింగులో విదేశీయులకై 1962లో ఏర్పడిన విద్యాలయము నేడు భాషా సంస్కృతి విశ్వవిద్యాలయ మనబడుచున్నది. సెప్టెంబరున మొదలగు తరగతులు జనవరిలో ముగియును. అప్పటికి అచట నీరు గడ్డకట్టు చలి. ఫిబ్రవరి చివరనో మార్చిలోనో మొదలగునవి జూలైతో ముగియును. ఎండకు అలవాటుపడిన మన పిల్లలకు మొదటిసారి ఈ రెండవదే మేలని మా తలంపు. ఉన్నిబట్టలు మాత్రము అప్పుడును కావలయును.