కుప్పంలో కెమెరా, కాలిఫోర్నియాలో ల్యాబు

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్ళే దారి మన హాస్టల్లో చాలామందికి తెలిసిందే. సెలవులిస్తే కొందరం ఆ దారినే ఇళ్ళకు పోతాం. అలాంటి కుప్పంలో ఒక అమెరికా కంపెనీ తన కొత్త వస్తువులను పరీక్షించిందంటే మొదట మేమూ నమ్మలేదు.

బహుళజాతి కంపెనీకి దేశదేశాల్లో అనుబంధ సంస్థలుంటాయి. ఏ దేశంలోది ఆ దేశపు చట్టం ప్రకారం నడిచే వేరే కంపెనీ. పెత్తనం మాత్రం ప్రధాన కార్యాలయానిదే. హ్యూలెట్ ప్యాకార్డ్ (హెచ్.పి.) 1966లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో పరిశోధనశాల పెట్టింది. తర్వాత ఇంగ్లండులోని బ్రిస్టల్, ఇజ్రాయెల్‌లోని హైఫా, 2002లో మన పక్కనున్న బెంగళూరు. ఇన్ని చోట్ల జరిగే పరిశోధనను కలిపి నడపడం ఎలా?

మన గోడపత్రికనే చూడండి. గదికొక పేజీ అని పంచుకుంటే, ఒకసారి మూడు గదులవాళ్ళూ అబ్దుల్ కలాం గారి మీదే రాసుకొచ్చారు. ఆటల పేజీ ఖాళీ! కంపెనీల్లోనూ ఇదే చిక్కు. అందుకే ఏ విషయానికి ఏ ల్యాబు పెద్దదిక్కు, ఖర్చు ఎవరిది, పేటెంటు ఎవరి పేరున ఉండాలి అన్నవి ముందే రాసుకుంటారు. ఇక వేళల సంగతి. చలికాలంలో మనకు ఉదయం 9 గంటలైతే కాలిఫోర్నియాలో ముందురోజు రాత్రి 7.30. ఫోనులో మాట్లాడుకోవాలన్నా ఎవరో ఒకరు ఇంటి వేళ వదులుకోవాల్సిందే.

అన్నిటికన్నా కష్టమైనది, ఏ సమస్య మీద పని చేయాలో తేల్చుకోవడం. 2002లో హెచ్.పి. రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో 'ఐ-కమ్యూనిటీ' పేరుతో మూడేళ్ళ ప్రాజెక్టు మొదలుపెట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు. స్వయం సహాయక సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, వాటిని ఎండతో ఛార్జి చేసుకునే ఏర్పాటు అందించారు. వాళ్ళు ఊళ్ళోనే ఫోటో తీసి అక్కడికక్కడే చేతికిచ్చేవారు. స్కాలర్‌షిప్ ఫారానికి ఫోటో కావాలని టౌనుకెళ్ళి, బస్సు ఛార్జీతోపాటు ఒకరోజు బడి కూడా పోగొట్టుకున్న మనకు దీని విలువ వేరే చెప్పాలా! కరెంటు లేకున్నా ప్రింటరు నడవాలన్న అవసరం పాలో ఆల్టోలో కూర్చుంటే సులువుగా కనబడదు.

బెంగళూరు ల్యాబు చేతిరాతను కంప్యూటరు గుర్తుపట్టే పని మీదా పరిశోధించింది, తెలుగు అక్షరాలతో సహా. ఇంగ్లీషు మీటలమీద మన వత్తులు కొట్టబోయి అవస్థపడినవాళ్ళకు అదెందుకో తెలుసు.

అయినా మాకు ఒక అసంతృప్తి ఉంది. కంపెనీకి అది మూడేళ్ళ ప్రయోగం. కెమెరా పట్టిన మహిళకు మాత్రం బతుకుదెరువు. నాలుగో ఏడు ప్రింటరు పాడైతే బాగుచేసేదెవరు, రంగు సిరా ఏ ధరకు దొరుకుతుంది అన్న ప్రశ్నలు కూడా ఆ ల్యాబుల పేటెంటు కాగితాల పక్కనే, మొదటి రోజునే ఉండవలసినవి.