మీకు తెలుసా?

మన తుమకూరు జిల్లా జనాభాలో మూడో వంతు కూడా నిండని ఫిజీ దేశం 1978 నుంచి పశ్చిమాసియా సరిహద్దుల్లో శాంతి కాపలా కాస్తోంది!

2011 లెక్కల్లో తుమకూరు జిల్లాలో 26.8 లక్షల మంది ఉంటే, 2017 లెక్కల్లో ఫిజీ మొత్తానికి ఉన్నది 8.85 లక్షలే. అయినా ఐక్యరాజ్యసమితి నీలి టోపీలు పెట్టుకుని ఫిజీ సైనికులు 1978లోనే దక్షిణ లెబనాన్‌కు వెళ్లారు. 1982 నుంచి ఈజిప్టు సినాయ్ ఎడారిలోనూ ఉన్నారు. సినాయ్‌లో ఉన్నది మాత్రం సమితి దళం కాదు, ఈజిప్టు–ఇజ్రాయెల్ ఒప్పందాన్ని కనిపెట్టి ఉండే వేరే బహుళదేశాల దళం.

ఈ శాంతి కాపలా ఉత్త ఊరేగింపు కొలువు కాదు. 1996 ఏప్రిల్ 18న లెబనాన్‌లోని కానాలో ఫిజీ దళం శిబిరంపై ఇజ్రాయెల్ ఫిరంగి గుండ్లు పడి, అక్కడ తలదాచుకున్న వందమందికి పైగా పౌరులు చనిపోయారు. 2014 ఆగస్టులో సిరియా–ఇజ్రాయెల్ మధ్య గోలన్ కొండల్లో సమితి దళంలో ఉన్న 45 మంది ఫిజీ సైనికులను సిరియాలోని సాయుధ ముఠా నుస్రా ఫ్రంట్ బందీలుగా పట్టుకుంది. రెండు వారాలకు అందరూ క్షేమంగా బయటపడ్డారు.

అన్నట్టు, 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తెలుగువారూ ఉన్నారు. వారి వారసులు అక్కడే స్థిరపడ్డారు. ఫిజీ సైన్యంలో మాత్రం అత్యధికులు ఆ దీవుల మూలవాసులే.